అప్పుడిప్పుడు మాస్టారి పిన్నులు

మా మాస్టారికి నమస్కారం చెప్పడం రాదు. మనిషి ఎదురుపడగానే ఆపాదమస్తకం ఒకసారి చూసి, "ఏదో మారింది" అంటారు. అంతటితో ఊరుకుంటే బాగానే ఉండును. ఏం మారిందో తేలేదాకా ఆ మనిషిని కదలనివ్వరు. బస్సు వెళ్ళిపోతున్నా సరే, వాన మొదలైనా సరే, కళ్ళు చికిలించి నిలబడతారు. చివరికి "ఆ, చొక్కా రెండో గుండీ. అప్పుడు నాలుగు కన్నాలది, ఇప్పుడు రెండు కన్నాలది" అని తేల్చి, బరువు దించుకున్నవాడిలా ముందుకు సాగిపోతారు.

దీనికి ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఉపగ్రహం తీసిన పాత ఫొటోనీ కొత్త ఫొటోనీ పక్కపక్కన పెట్టి నేల మీద ఏం మారిందో కనిపెట్టడమే మా ఆఫీసు పని. ఎక్కడ చెట్లు పోయాయి, ఎక్కడ గోడ లేచింది, ఏ వాగు ఎటు జరిగింది అనేవన్నీ ముప్ఫై ఏళ్ళపాటు ఆయన కంటితోనే తేలాయి. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ పని చేసే మనిషి ఐదు కొట్టగానే కళ్ళు సొరుగులో పెట్టి తాళం వేసుకుని పోలేడు కదా. ప్రతిదానికీ "అప్పుడు ఇలా, ఇప్పుడు ఇలా" అంటారని ఆయనకి అప్పుడిప్పుడు మాస్టారని పేరు పడింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజున నన్ను గుమ్మంలోనే ఆపేశారు. "ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు నీ పాపిడి ఎడమవైపు ఉంది. ఇవాళ అరంగుళం మధ్యకి జరిగింది" అన్నారు. ఇంటర్వ్యూలో ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, ఎందుకు అడగలేదో అప్పుడు తెలిసింది. నేను జడుసుకుని మర్నాడు పాపిడి ఎడమకే తీసుకుని వెళ్తే, "ఇప్పుడు సరిగ్గా కూర్చుంది" అని ఎంతో సంతృప్తిగా తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆరేళ్ళయింది. పాపిడి మార్చే ధైర్యం నాకు మళ్ళీ రాలేదు.

పై అధికారులని కూడా ఆయన వదిలిపెట్టరు. మా పెద్దాఫీసరుకి మీసం అంటే ప్రాణం. ఒకసారి అద్దం ముందు చెయ్యి జారిందో ఏమో, ఒకవైపు కాస్త ఎక్కువ కత్తిరించుకుని మీటింగుకి వచ్చారు. అందరం చూశాం. అందరం బల్ల వంక చూస్తూ కూర్చున్నాం. మాస్టారు మాత్రం గొంతు సవరించుకుని, "ఎడమ మీసంలో అడవి విస్తీర్ణం తగ్గిందండి. పదిహేను శాతం ఉంటుంది" అన్నారు, రిపోర్టు చదివే గొంతుతోనే. ఆ మీటింగు అక్కడితో ముగిసింది. పాపం పెద్దాఫీసరు మధ్యాహ్నం సెలవు పెట్టి కుడివైపు కూడా తగ్గించుకుని వచ్చారు.

ఒకసారి మా జీపు డ్రైవరు పందెం కాశాడు. మాస్టారి గదిలో ఏదో మార్చామని చెబుదాం, నిజానికి ఏమీ మార్చొద్దు, సాయంత్రందాకా వెతికి ఓడిపోతారు అని. పొద్దున పదింటికి చెప్పాం. నాలుగింటికి ఆయన బయటికొచ్చి తొమ్మిది మార్పులు చెప్పారు. కిటికీ చువ్వకి తుప్పు, గడియారం రెండు నిమిషాలు వెనక, గోడమీద కొత్త బల్లి. తొమ్మిదోది, వరండాలో నిప్పులార్పే ఎర్ర సిలిండరు రెండు నెలలుగా లేదు. ఆఫీసు ఆఫీసంతా పరుగెత్తుకెళ్ళి చూస్తే గోడమీద దాని ఆకారంలో తెల్లటి మచ్చ మాత్రం ఉంది. డ్రైవరు వారం రోజులు అందరికీ టీ పోశాడు.

ఇంత చూసే మనిషి తాను మాత్రం మారరు. బీరువాలో ఏడు చొక్కాలు, ఏడూ సిమెంటు రంగువే. ఎందుకని అడిగితే, రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలంటే మారని గుర్తులు కొన్ని ఉండాలని, ఈ ఆఫీసులో ఆ గుర్తు తానేనని చెప్పారు. అది గొప్పగా చెప్పారో బాధగా చెప్పారో నాకు అర్థం కాలేదు.

ఇక పిన్నుల సంగతి. ఆయన కంప్యూటరుని నమ్మరని కాదు గానీ, ముఖ్యమైన ఫొటోలు పెద్దగా ప్రింటు తీయించి, పాతదీ కొత్తదీ జోడించి, అంచున ఆడవాళ్ళు జడకి పెట్టుకునే నల్ల పిన్నులు గుచ్చుతారు. చొక్కా జేబులో ఎప్పుడూ పిన్నుల ప్యాకెట్టు ఒకటి ఉంటుంది. ఆఫీసులో క్లిప్పులు బోలెడున్నాయి కదా అంటే, క్లిప్పు కాగితాన్ని పట్టుకుంటుందట, పిన్ను బొమ్మని పట్టుకుంటుందట. ఆ మాటకి అర్థం ఏమిటో చెప్పినాయనకైనా తెలుసో లేదో.

ఒకరోజు గాజుల దుకాణంలో ఆయన కంటపడ్డారు. కౌంటరు మీద అరడజను రకాల పిన్నులు పరిచి పెట్టించుకుని, ఒక్కొక్కటీ తన ముంజేతి మీద గీసుకుని చూస్తున్నారు. కొస నున్నగా ఉందో లేదోనట. దుకాణం ఆవిడ ముఖంలో విసుగు కనిపిస్తూనే ఉంది.

"కాగితాలకే కదా మాస్టారూ. గుచ్చుకుంటే మాత్రం ఏమవుతుంది?" అన్నాను.

"గుచ్చుకుంటే కాగితం చెప్పుకోలేదు కదమ్మాయ్" అన్నారాయన, చివరికి కొసకి గుండ్రటి నల్ల బొడిపె ఉన్న రకం ఎంచుకుంటూ.

ఆయన భార్యని నేను పిన్నిగారు అంటాను. ఆవిడకి నేనంటే చనువు. ఒక ఆదివారం మాస్టారు కూరలకి వెళ్ళినప్పుడు ఆవిడ వంటింట్లోకి పిలిచి ఒక రహస్యం చెప్పారు. ఆవిడ జుట్టు సగానికి సగం ఊడిపోయిందట. మూడేళ్ళుగా సవరం పెట్టి ముడి వేస్తున్నారట.

"ఊరందరి పాపిళ్ళూ కనిపిస్తాయి ఈయనకి. నా నెత్తిమీద సగం జుట్టు నాది కాదు, ఒక్కనాడైనా కనిపెట్టారేమో చూడు" అని చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "చెప్పకు సుమా. తెలిస్తే రోజుకో వెంట్రుక లెక్క చెబుతారు. నా వల్ల కాదు."

నేను ఒట్టేశాను. పెద్దాఫీసరు మీసంలో పదిహేను శాతం పట్టుకున్న కళ్ళు ఇంట్లో సగానికి సగం పట్టుకోలేకపోయాయని తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది.

అలాంటి ఆఫీసులో నేను మార్పులు కనిపెట్టే ప్రోగ్రాం రాశాను. దాని పని చెప్పడానికి తేలికే. పాత ఫొటోలోంచి కొత్త ఫొటోని తీసివేస్తుంది. మారనిది నల్లబడిపోతుంది, మారింది మెరుస్తుంది. మొదటిసారి నడిపినరోజున ఊరు ఊరంతా మెరిసిపోయింది. ప్రతి ఇంటి పక్కనా, ప్రతి రోడ్డు వెంటా సన్నటి తెల్లగీత. నేను మురిసిపోయి మాస్టారిని పిలిచాను. ఆయన తెర వంక చూసి, "రాత్రికి రాత్రి ఊరంతా రెండు గజాలు తూర్పుకి జరిగిందా అమ్మాయ్?" అన్నారు. రెండు ఫొటోలనీ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టడం మరిచిపోయాను. తర్వాత మేఘాల నీడల్ని చెరువులంది, కోసిన పొలాల్ని రోడ్లంది. ఆయన ప్రతి తప్పూ చూపించారు గానీ ఒక్కసారి కూడా ఎగతాళి చెయ్యలేదు. రెండేళ్ళకి ప్రోగ్రాం బుద్ధిగా తయారైంది. నాకే కాస్త తలకెక్కింది.

అప్పుడే వాగు ఒడ్డు పని వచ్చింది. ఐదేళ్ళ కిందట వాగు పొంగినప్పుడు, అప్పటికే అక్కడ ఉన్న ఇళ్ళు ఉండొచ్చు, ఆ తర్వాత కట్టినవి తీసెయ్యాలి అని నిర్ణయం జరిగింది. ఏవి తర్వాత కట్టినవో మేం చెప్పాలి. శనివారానికి జాబితా వెళ్ళాలి, సోమవారం యంత్రాలు వెళ్తాయి. ప్రోగ్రాం అరగంటలో తేల్చేసింది. పాత ఫొటోలో ఖాళీ నేల ఉన్నచోట కొత్త ఫొటోలో వరసగా మెరుస్తున్న కప్పులు, నలభై ఒక్క కొత్త ఇళ్ళు.

పెద్దాఫీసరు పొంగిపోయారు. మాస్టారికైతే నెల పట్టేదన్నారు. ఇక కళ్ళతో పనేమిటన్నారు. మా ఆఫీసు ఫారంలో ఒక గడి ఉంటుంది, 'ప్రింటు మీద కంటితో సరిచూడడమైనది' అని. ఆ వారం మొదట్లో, సోమవారమే మాస్టారు ప్రింట్లు తీయించి, పిన్నులు పెట్టి, నా బల్లమీద ఉంచారు. బుధవారం నాడు నేను వాటిని ముట్టుకోకుండానే ఆ గడిలో టిక్కు పెట్టాను. నా ప్రోగ్రాం మీద నమ్మకం కొంత, పిన్నులు తీసి మళ్ళీ పెట్టాలన్న బద్ధకం కొంత.

గురువారం మధ్యాహ్నం మాస్టారు ఫారం చేత్తో పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు. ఏదో మారింది అనలేదు. ప్రింట్ల వంక చూశారు.

"సోమవారం ఈ పిన్నులు ఎలా పెట్టానో అలాగే ఉన్నాయి అమ్మాయ్. ఏమీ మారలేదు."

అబద్ధం చెబుదామనుకున్నాను, కానీ ఆ కళ్ళ ముందు ఎవరు చెప్పగలరు? "చూడలేదు మాస్టారూ. చూడకుండానే టిక్కు పెట్టాను" అన్నాను.

ఆయన కోప్పడతారని ఎదురుచూశాను. ఫారం మడిచి, జేబులో పిన్నుల పక్కన పెట్టుకున్నారు. "కుర్చీ తెచ్చుకో" అన్నారు, అంతే.

ఇద్దరం భూతద్దాలు పట్టుకుని కూర్చున్నాం. పాత ప్రింటులో ఆ చోట ఏమీ లేదు, అంతా మట్టిరంగు. నేను లోలోపల కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అంతలో ఆయన, కప్పుల కోసం చూడొద్దు, అవి ఉండాల్సిన చోటికి పడమటి పక్క చూడు అన్నారు. చూశాను. మట్టిరంగు మీద సన్నటి నల్ల గీత. దాని పక్కన ఇంకొకటి. వరసగా, వీధి వెంట ఎన్నో. పొద్దుటి ఎండలో తీసిన ఫొటో కాబట్టి నీడలన్నీ పడమటికి పడ్డాయి. పాత మట్టి పెంకుల రంగు నేల రంగులో కలిసిపోయింది, ప్రోగ్రాం దాన్ని ఖాళీ నేల అనుకుంది. కొత్త ఫొటోలో ఆ ఇళ్ళమీదే రేకులు మెరుస్తున్నాయి.

"కప్పు నేలలో కలిసిపోగలదు. నిలబడ్డ గోడకి నీడ పడక తప్పుతుందా?" అన్నారు మాస్టారు.

స్కేలు పెట్టి కొలిచాం. రెండు ఫొటోలూ ఏడాదిలో ఒకే నెలలో, ఒకే వేళకి తీసినవి. పాత నీడలూ కొత్త నీడలూ ఒకే పొడుగు. నలభై దొరికాయి. నలభై ఒకటో చోట మాత్రం పాత ప్రింటులో నిజంగానే ఏమీ లేదు. నాకు ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది. ఒక్క టిక్కుతో నలభై ఇళ్ళవాళ్ళని వీధిన పడెయ్యబోయాను. వాళ్ళ ముఖాలైనా నాకు తెలియవు.

శుక్రవారం పొద్దున జీపులో అక్కడికి వెళ్ళాం. రేకుల నీలం కళ్ళకి గుచ్చుకుంటోంది. మొదటి ఇంటి గుమ్మంలో ఒక ముసలావిడ కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. ఆఫీసు జీపు చూసి చేట పక్కన పెట్టింది. మాస్టారు ఎప్పటిలాగే నమస్కారం మానేసి అటూ ఇటూ చూశారు.

"ఇక్కడ నిమ్మచెట్టు ఉండేది కదమ్మా. గుమ్మానికి కుడిపక్క."

ఆవిడ తెల్లబోయింది. "పురుగుపట్టి చచ్చిపోయింది, నాలుగేళ్ళయింది. మీరెవరు నాయనా, మా చుట్టాలా?"

"కాదమ్మా. పైనుంచి చూసేవాణ్ణి."

ఆవిడ ఒకసారి ఆకాశం వంక చూసి, పైట సర్దుకుంది. "పైనుంచి చూసేది దేవుడొక్కడే అనుకున్నాను. మీరు కూడా చూస్తారా? చూస్తే మరి మా ఇళ్ళు కొత్తవని తీసేస్తారని ఊళ్ళో అనుకుంటున్నారేమిటి? నేను కాపరానికొచ్చింది ఈ ఇంటికే."

కప్పు సంగతి అడిగితే చెప్పింది. రెండేళ్ళ కిందట వడగళ్ళు పడి వీధి వీధంతా పెంకులు పగిలిపోయాయి. ఎవరో పుణ్యాత్ములు అందరికీ ఒకేసారి ఒకే రకం రేకులు వేయించారు. పగలని పెంకులు ఇంటి వెనక పేర్చి ఉంచింది, ఎప్పుడైనా పనికొస్తాయని. మాస్టారు వాటిని కూడా ఫొటో తీయించారు. వీధి చివర నలభై ఒకటో ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే, అక్కడ నీలం రంగు నీళ్ళ ట్యాంకు కనిపించింది. నా ప్రోగ్రాం ట్యాంకుని కూడా ఇల్లు ఖాళీ చెయ్యమనేదన్నమాట. డ్రైవరు ఆ మాట ఇప్పటికీ వదలడు.

మధ్యాహ్నం పెద్దాఫీసరు గదిలో నిలబడ్డాం. ఆయన ముఖం ముడుచుకుంది. ప్రోగ్రాం తప్పు చెప్పిందా, మరి ఫారంలో ఈ టిక్కు ఎవరు పెట్టారు అని అడిగారు. నేనే అని చెప్పబోయాను. మాస్టారు నాకంటే ముందు అందుకున్నారు.

"ఈ అమ్మాయీ నేనూ నలభై ఒకటీ కంటితో చూశామండి. ఇంటింటికీ వెళ్ళి కూడా చూశాం. ప్రోగ్రాం మార్పునే పట్టుకుంది. మారింది పైకప్పు. ఇళ్ళు పాతవే, ట్యాంకు కొత్తది." ఆ పైన, "మీ మీసం ఇప్పుడు రెండువైపులా చక్కగా ఉందండి" అన్నారు.

పెద్దాఫీసరు చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. నా వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసి, జాబితా కొట్టేసి, సంతకం పెట్టారు. సోమవారం యంత్రాలు ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ తర్వాత నేను ప్రోగ్రాం సరిచేశాను. ఇప్పుడది ఏ ఇంటినైనా కొత్తది అనేముందు పాత ఫొటోలో నీడ వెతుకుతుంది. ఆ అంచెకి మాస్టారు అనే పేరు పెట్టాను.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. పిన్నిగారు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే, నా తప్పు పెద్దాఫీసరుకి ఎందుకు చెప్పలేదని మాస్టారిని అడిగాను. ఆయన జవాబు చెప్పడానికి ఇష్టపడలేదు. మళ్ళీ అడిగితే, "ఆయనడిగేసరికి అన్నీ చూశావు కదా" అన్నారు. "కనిపించిందల్లా చెప్పేస్తే ఎలాగమ్మాయ్?"

మీసంలో అడవి సంగతి చెప్పిన మనిషి ఈ మాట అంటుంటే నాకు నవ్వాగలేదు. అంతలో పిన్నిగారు టీ కప్పులతో వచ్చి, ముడి జారితే కిటికీ మీది డబ్బా అందుకుని, పిన్నులు గుచ్చుకుంటూ కూర్చున్నారు. ముడి సంగతి మాస్టారికి తెలియదన్న ధీమాతో నా వైపు కన్నుగీటారు కూడా.

"ఈ డబ్బా చూడు. మూడేళ్ళ కిందట కొన్నాను. రోజుకి పన్నెండు పిన్నులు పెడతాను, సగం ఎక్కడో పడిపోతూనే ఉంటాయి. అయినా ఇప్పటిదాకా అయిపోలేదు. ఆ దుకాణం ఆవిడ నిండా పోసి ఇచ్చిందిలే, మంచి మనిషి."

డబ్బా చేతికి తీసుకుని చూశాను. కొసన గుండ్రటి నల్ల బొడిపె ఉన్న పిన్నులు, తలకి గుచ్చుకోని రకం. మాస్టారు నెలకో ప్యాకెట్టు కొంటారు. మా ఆఫీసు ప్రింట్లన్నిటికీ కలిపి ఏడాదికి ఒక్క ప్యాకెట్టే ఎక్కువ. సవరం సంగతి తనకి తెలిసిందని ఆవిడకి తెలిస్తే ఎంత చిన్నబోతారో అని, మూడేళ్ళుగా ఆయన కళ్ళున్న గుడ్డివాడిలా తిరుగుతూ, డబ్బా మాత్రం అడుగంటకుండా చూసుకుంటున్నారు.

తలెత్తి చూశాను. గురువారం నాడు నా బల్లమీద ప్రింట్ల వంక చూసినట్టే ఆయన నా వంక చూస్తున్నారు. చొక్కా జేబులో ప్యాకెట్టు అంచు కనిపిస్తోంది. మెల్లిగా దాన్ని లోపలికి నొక్కుకున్నారు.

"ఏమైనా మారిందా అమ్మాయ్?" అన్నారు.

"ఏమీ మారలేదు మాస్టారూ. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి" అన్నాను.

"చూశావా, నీకు కూడా ఈ జబ్బు అంటించారు" అని పిన్నిగారు డబ్బా లాక్కుని, మూత పెట్టి, గలగలా ఆడించి చూపించారు. సగానికి పైనే ఉన్నట్టు చప్పుడైంది. మాస్టారు టీ ఒక గుక్క తాగి, గుమ్మం వైపు తొంగిచూసి, నా చెప్పుల్లో ఎడమదాని పట్టీ కొత్తదని చెప్పారు.